బ్యాగు కాపలా ఎవరిది?

థీమ్ పార్కుకు ఏమేం సర్దుకోవాలని అడిగితే ఎవరైనా ఒక జాబితా చదివేస్తారు. టోపీ, సన్‌స్క్రీన్, పవర్ బ్యాంకు, బిస్కెట్లు, తలా రెండు జతల బట్టలు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అవన్నీ సర్దిన బ్యాగును లోపల ఎవరు పట్టుకుని కూర్చుంటారని మాత్రం ఎవరూ అడగరు. రోలర్ కోస్టర్ మీదికి బ్యాగుతో ఎక్కనివ్వరు. నీళ్ళలోకి బ్యాగుతో దిగలేం. అంటే బ్యాగు ఉన్నంతసేపూ దానికి తోడుగా ఒక మనిషి ఉండాలి. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరో తేల్చడానికి ఓట్లేమీ వేయక్కర్లేదు. అమ్మ. లేదంటే నాయనమ్మ. పెళ్ళయిన కొత్తలో అయితే కోడలు.

అందుకే సర్దడం మొదలుపెట్టకముందే ఒక షరతు పెట్టుకోమంటాను. గేటు దాటాక ఎవరూ సామానుకు కాపలా కూర్చోకూడదు. ఈ ఒక్క షరతుకు కట్టుబడితే ఏది పెట్టుకోవాలో ఏది ఇంట్లో వదిలేయాలో చాలావరకు అదే తేలిపోతుంది.

విశాఖలో ఉండేవాళ్ళకు ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. మనకు కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఉంది, రోప్‌వే ఉంది, బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి ఉంది. పిల్లలు యూట్యూబులో చూసి అడిగే తలకిందులు చేసే రైడ్లు కావాలంటే మాత్రం ఊరు దాటాల్సిందే. అటు హైదరాబాదు, ఇటు భువనేశ్వర్. హైదరాబాదు శివార్లలోని రావిర్యాలలో వండర్లా 2016లో తెరిచారు. 2024లో భువనేశ్వర్ దగ్గర ఇంకొకటి వచ్చింది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచీ ఉండనే ఉంది. ఎటు వెళ్ళినా రైలు ప్రయాణం, లాడ్జిలో బస, చుట్టాలింటికి ఓ పూట, వాళ్ళకు మాడుగుల హల్వా డబ్బా. ఇంత సామాను బయల్దేరాక అందులోదే సగం పార్కు గేటు దాకా వచ్చేస్తుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి తెల్లారి హైదరాబాదులో దిగి, నేరుగా క్యాబ్ మాట్లాడుకుని సూట్‌కేసులతో పార్కుకు వెళ్ళేవాళ్ళను చూశాను. ఆ రోజంతా ఆ ఇంట్లో ఒక మనిషి సూట్‌కేసుల పక్కనే.

రైలు సామాను వేరు, పార్కు బ్యాగు వేరు. మొదటిది రెండో దాని మొహం కూడా చూడకూడదు. గది తీసుకోకపోతే స్టేషన్ క్లోక్‌రూములో పెట్టండి. అక్కడ తాళం వేసిన సామానే తీసుకుంటారు. తాళం లేని బ్యాగు, తాడు కట్టిన అట్టపెట్టె వెనక్కి పంపేస్తారు. కాబట్టి చిన్న తాళాలు రెండు మూడు ఇంట్లోనే బ్యాగులకు తగిలించేసుకోవడం మేలు. ప్లాట్‌ఫాం మీద కొనేవాటికి తాళంచెవి ఏదైనా పడుతుందని నా అనుమానం.

పార్కు బ్యాగు ఇంటికంతటికీ ఒకటే. పిల్లలు స్కూలుకు వేసుకెళ్ళే బ్యాగంత ఉంటే చాలు. అది అద్దె లాకరులో పట్టాలి. పట్టకపోతే ఇంకేదో తీసేయాలి. “లాకరుకు డబ్బు దండగ, ఎవరో ఒకరం చూసుకుంటాంలే” అనే మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. టికెట్లకు వేలు పోసి, లాకరు అద్దె దగ్గర పొదుపు గుర్తొచ్చి, వేల రూపాయల టికెట్ కొన్న ఒక మనిషిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టడం ఏ రకం పొదుపో నాకు అర్థం కాదు. ఆవిడ టికెట్ డబ్బులతో లాకర్లు ఎన్ని తీసుకోవచ్చో!

ఇక మొదట సర్దాల్సింది సన్‌స్క్రీనూ కాదు, టోపీలూ కాదు. ఇంట్లో ఆడవాళ్ళకు నైలాన్ బట్టలు. చాలా ఇళ్ళల్లో అసలు జాబితాలోకే రానివి ఇవే. పిల్లలకు కార్టూన్ బొమ్మలున్న స్విమ్మింగ్ డ్రెస్సులు కొంటారు. మగవాళ్ళకు బీరువాలో ఏదో ఒక పాలిస్టర్ నిక్కరు దొరుకుతుంది. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి “నాకెందుకులే, నేను దిగనుగా” అన్న మాట వినిపిస్తుంది. అది వాళ్ళ నోటి నుంచే వస్తుంది కాబట్టి మిగతావాళ్ళు హాయిగా నమ్మేస్తారు. నేను నమ్మను. వేసుకోవడానికి బట్టలే లేనివాళ్ళు దిగను అనక ఇంకేమంటారు?

సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు నీళ్ళ బట్టలు కొత్తా అని బయటివాళ్ళు అనుకోవచ్చు. మన సముద్రం సంగతి మనకే తెలుసు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను కూడా లాక్కుపోతుంది. అక్కడ ప్రాణాలు పోయిన వార్తలు వింటూనే పెరిగాం. అందుకని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి, పాదాలు తడుపుకుని, బజ్జీలు తిని ఇంటికొచ్చేయడం. తల దాకా తడవడానికంటూ ప్రత్యేకంగా బట్టలు కొనే అవసరం మనలో చాలామందికి ఎప్పుడూ రాలేదు.

నీళ్ళ రైడ్ల దగ్గర నూలు బట్టలు వద్దనడం వెనక కారణాలున్నాయి. నూలు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, జారుడు గొట్టంలో పట్టేసినట్టు ఆగుతుంది. దాని పోగులూ ఊడిన రంగూ పూల్ ఫిల్టర్లలోకి పోతాయి. చున్నీ, చీర కొంగు, పొడుగు కుర్తా అంచు ఎక్కడైనా ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. లోహపు గుండీలూ జిప్పులూ ఫైబర్ స్లైడును గీసేస్తాయి, ఆ గీతల మీద వెనకొచ్చేవాళ్ళ వీపు గీరుకుపోతుంది. అందుకే నైలాన్, పాలిస్టర్, లైక్రా మాత్రమే రానిస్తారు. జీన్స్, చీర, చుడీదార్ కుదరదంటారు. గార్డుతో ఎంత వాదించినా లాభం లేదు.

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది లెగ్గింగ్స్ దగ్గర. ఒంటికి అతుక్కుని సాగుతుంది కదా, స్విమ్మింగుకు పనికొస్తుందనుకుంటారు. బజారులో దొరికే లెగ్గింగ్స్‌లో చాలావాటికి లోపలి లేబుల్ మీద కాటన్ 95 శాతం అని ఉంటుంది. సాగదీసేది మిగతా 5 శాతమే. కొనేముందు లేబుల్ చదవండి. లేబుల్ కత్తిరించేసిన పాతదైతే ఒక నీటి బొట్టు వేసి చూడండి. వేసిన వెంటనే మచ్చలా పాకితే అది నూలు, పక్కన పెట్టేయండి. జారిపోతేనో కాసేపు నిలబడితేనో చాలావరకు సింథటిక్. టాపూ లెగ్గింగూ కలిపి మణికట్టు నుంచి చీలమండ దాకా కప్పే ఫుల్ సూట్లు స్పోర్ట్స్ షాపుల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరుకుతున్నాయి. ముదురు రంగు తీసుకోండి, తడిస్తే లోపలివి కనబడవు. ఇంట్లో ఒకసారి వేసుకుని గుంజీళ్ళు తీసి చూడండి. గుంజీళ్ళకు అడ్డు రాకపోతే స్లైడుకూ రాదు. పార్కులో అద్దెకిస్తారుగా అంటారు, ఇస్తారు. సరైన సైజు దొరికితే మీ అదృష్టం, పైగా అది పొద్దుటి నుంచి ఎంతమంది ఒంటి మీద తిరిగిందో!

మా అత్తగారికి ముదురు నీలం ఫుల్ సూటు కొన్నప్పుడు “ఈ వయసులో నాకిదేం వేషమమ్మా” అన్నారు. వేసుకోమని నేను బలవంతం చేయలేదు. మడిచి బ్యాగులో పెట్టాను, అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడే మెల్లగా దగ్గరికొచ్చి “ఆ డ్రెస్సు ఎక్కడ పెట్టావు?” అని అడిగారు. తర్వాత వేవ్ పూల్‌లోంచి ఆవిణ్ణి బయటికి రప్పించడం విజిల్ ఊదే కుర్రాడి వల్ల కూడా కాలేదు. పెట్టకపోతే అడిగేవారే కాదు.

ఆడవాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టే కారణం ఇంకొకటుంది. ఇంట్లో నలుగురి ముందు దాన్ని ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను. ప్రయాణం తేదీలు పిల్లల సెలవుల్ని బట్టి, మగవాళ్ళ లీవును బట్టి, రైలు రిజర్వేషన్ను బట్టి ఖరారవుతాయి. నెలసరి తేదీ ఎవరూ అడగరు. ప్యాడుతో నీళ్ళలోకి దిగలేం, అది క్షణంలో నీళ్ళు పీల్చేస్తుంది. టాంపన్, మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళకు ఇబ్బంది లేదు. అలవాటు లేనివాళ్ళు మొదటి ప్రయోగం పార్కు బాత్రూములో చేయకూడదు, రెండు నెలల ముందే ఇంట్లో అలవాటు చేసుకోవాలి. నెలసరిని వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు. డాక్టరుకు చెప్పకుండా వాడకండి. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్ళకు, ఇంకొన్ని జబ్బులున్నవాళ్ళకు అవి మంచివి కావు. పైగా తేదీకి కొన్ని రోజుల ముందు మొదలుపెడితేనే పనిచేస్తాయి, రైలెక్కే రోజు కొని లాభం లేదు. వీటన్నిటికన్నా తేలికైన పని, టికెట్లు బుక్ చేసేముందు ఇంట్లో ఆడవాళ్ళను ఆ వారం కుదురుతుందా అని అడగడం.

బంగారం ఇంట్లోనే వదిలేయండి. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పనివాళ్ళుంటారు, వాళ్ళ నమ్మకం వాళ్ళది. ప్రయాణానికి పసుపుతాడు వేసుకునేవాళ్ళూ ఉన్నారు, అది మంచి ఉపాయం. గాజులు, పట్టీలు, జూకాలు రైడ్ల దగ్గర ఎలాగూ తీయమంటారు. తీసినవన్నీ చేతిరుమాల్లో మూటకట్టి ఎవరి చేతిలో పెడతారు? మళ్ళీ బెంచీ మీద ఆవిడ చేతిలోనే.

పులిహోర సంగతికొస్తే చాలామందికి నా మాట రుచించదు. పెద్ద పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారం, మందుల వరకు మినహాయింపు ఉంటుంది. అయినా మనవాళ్ళు డబ్బాలు తెస్తారు. గేటు దగ్గర పట్టుబడ్డాక అక్కడే నిలబడి పొద్దున్నే పదిమందికీ గబగబా పంచేసి, పొట్టనిండా అన్నంతో మొదటి రైడ్ ఎక్కుతారు. దాని ఫలితం వెనక సీటువాళ్ళు అనుభవిస్తారు. పులిహోరకు సరైన చోటు రైలు. చింతపండు పులుపూ నూనే ఉంటాయి, ఉల్లిపాయ ఉండదు, రాత్రి దాకా పాడవదు. పెరుగన్నంతో పాటు బెర్తు మీద కూర్చుని డబ్బా ఖాళీ చేసేయండి. పార్కు తిండి ఖరీదే, కాదనను. ఆ ఖర్చును టికెట్ ఖర్చులోనే కలుపుకుని బయల్దేరితే లోపల గొణుక్కునే పని ఉండదు.

నీళ్ళ సీసా మాత్రం తప్పనిసరి, అదీ ఖాళీది. తనిఖీలో పారబోయమన్నా బాధ లేదు, లోపల కుళాయి దగ్గర నింపుకోవచ్చు. ఎండాకాలం హైదరాబాదు వెళ్ళే విశాఖవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్ళో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం గుర్తుంటుంది. అక్కడి పొడి ఎండలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే పట్టడం లేదనుకుని పిల్లలు నీళ్ళు తాగరు. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. దాన్ని రైడ్ల మీదికి నెట్టేస్తాం. మందుల షాపులో దొరికే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకుంటే చాలు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్నవీ ఉంటాయి. కవరు మీద ఎంత రాస్తే అంత నీళ్ళలోనే కలపాలి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతూ వచ్చిన తీపి జ్యూసు డబ్బాలు అవి కావు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఆ పేరు మీద ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా పాటించని పానీయాలు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకు సమస్య తిరగబడుతుంది. సాయంత్రమయ్యేసరికి తడి బట్టల్లో పిల్లలు గజగజ వణుకుతారు. మన ఇళ్ళల్లో స్వెట్టరు ఎక్కడుందో వెతకాలి, వెతకండి.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలిచి వెళ్ళండి. ఇది సామాను కాదు గానీ బ్యాగులో పెట్టే ఏ వస్తువుకన్నా ఎక్కువ ఏడుపును ఆపుతుంది. వండర్లాలో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 దాకా పిల్లల టికెట్. పెద్ద రైడ్లకు కూడా చాలావాటికి ఆ 140 దగ్గరే గీత ఉంటుంది. ఆరో తరగతి కుర్రాడు గంటసేపు క్యూలో నిలబడి ఆ గీత కింద ఆగిపోతే వాణ్ణి సముదాయించడం ఎవరి తరమూ కాదు. గోడ మీద పెన్సిలు గీతతో ఇంట్లోనే ఆ దుఃఖం తీరిపోవాలి.

ఫోన్ల గురించి క్లుప్తంగా. మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ కవరు ఒకటి చాలు, ఇంటికొక్కటి. దానిలో ముందు టిష్యూ కాగితం పెట్టి బకెట్లో అరగంట ముంచి చూడండి, కాగితం తడవకపోతే ఫోను పెట్టండి. మిగతా ఫోన్లు లాకరులో ఉంటాయి కాబట్టి యూపీఐ మీదే ఆధారపడకుండా కొన్ని నోట్లు ఉంచుకోవాలి. విమానంలో వెళ్ళేవాళ్ళు పవర్ బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి.

కాళ్ళకు కొత్త చెప్పులు వద్దు, హవాయి చెప్పులు అసలే వద్దు. వెనక బెల్టున్న పాత శాండల్స్ చాలు. తడి బట్టలతో రోజంతా నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి, చిన్న వేజలిన్ డబ్బా పెట్టుకోండి. టర్కీ తువ్వాళ్ళు బ్యాగులో సగం తినేస్తాయి, పలచని తుండుగుడ్డలు తలా ఒకటి. సన్‌స్క్రీన్ ఒక్కసారి రాసి వదిలేస్తే నీళ్ళలో కొట్టుకుపోతుంది, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. తడి బట్టలకు పది కిలోల సన్నబియ్యం సంచిని మించింది లేదు. చిరగదు, మడిస్తే జేబులో పడుతుంది.

నేను ఈ షరతు గురించి చెప్పినప్పుడల్లా ఒక అభ్యంతరం వస్తుంది. “పెద్దవాళ్ళకు రైడ్లు పడవు. వాళ్ళు ఎలాగూ కూర్చుంటారు. కూర్చున్నప్పుడు బ్యాగు పక్కన ఉంటే నష్టమేంటి?” నిజమే, గుండె జబ్బు, బీపీ, గర్భం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్ ఉన్నవాళ్ళను పెద్ద రైడ్లు ఎక్కనివ్వరు, ఎక్కకూడదు కూడా. కానీ ఊరికే కూర్చున్న మనిషి లేచి తిరగగలడు. నీడ మారితే బెంచీ మారగలడు, టీ తాగి రాగలడు, పిల్లల రైలు దగ్గరికెళ్ళి మనవడికి చెయ్యి ఊపగలడు. ఆరు ఫోన్లూ మూడు పర్సులూ ఉన్న బ్యాగు ఒళ్ళో పెట్టుకున్న మనిషి బాత్రూముకు కూడా వెళ్ళలేడు. మా నాన్నగారికి ఆ పని అప్పగించినప్పుడు ఆయన కనీసం పేపరు కూడా చదవలేదు, జిప్పు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నారు. పెద్దవాళ్ళ కోసం బీపీ మాత్రలు, ఒక విసనకర్ర, టోపీ, వాళ్ళకంటూ కొంత డబ్బు విడిగా వాళ్ళ చేతిలోనే పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళే ఎక్కువైతే పార్కు ఎంపికే మార్చుకోవచ్చు. ఫిల్మ్ సిటీలో చాలా భాగం బస్సులో కూర్చుని చూసేదే, సెట్లు, తోటలు, ఆటపాటల షోలు అందరూ కలిసి చూడొచ్చు. పిల్లలు రైడ్లు తక్కువని మూతి ముడుస్తారు. ముడవనివ్వండి, వాళ్ళకు ఇంకో సెలవు ఉంటుంది.

ఇంకో మాట కూడా అంటారు, బ్యాగు తగ్గిస్తే అవసరానికి ఏదో ఒకటి దొరకదని. దొరకదు. లోపల ఒక జత సాక్సో, ఒక దువ్వెనో కొనాల్సి వస్తుంది, ధర చూసి గుండె గుభేలుమంటుంది. నేనైతే ఆ దువ్వెన కొనేస్తాను.

తిరుగు ప్రయాణంలో తడి బట్టలు రైలు కొక్కేలకు ఆరేయకండి. కింది బెర్తు ఆయన మొహం మీద బొట్లు పడితే తునిదాకా పంచాయితీ. బియ్యం సంచి మూతి కట్టి సీటు కింద తోసేసి, ఇంటికి రాగానే మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి నీడలో వేయండి. క్లోరిన్ అలాగే ఉండి పైన ఎండ కూడా తగిలితే లైక్రా సాగే గుణం పోతుంది, మళ్ళీ దసరాకి అత్తగారికి కొత్త సూటు కొనాలి. ఈసారి ఆవిడ మెరూన్ అడుగుతున్నారు.